అగ్గిచట్టికి కుట్టిన జపాన్ వేషం

1997 మార్చి నడుమ, తమిళుల మాసి నెలాఖరులో, కోవిల్‌పట్టి కుట్టు అంగడి నుంచి నన్ను విరుదునగర్ తిరునాళ్ళ పందిరికి కటింగ్ మాస్టరుగా వేశారు. ఇరవై రోజుల పని. రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక బొగ్గుల ఇస్త్రీ పెట్టె, నాతో కలిపి నలుగురం మనుషులం. పై నెల పంగునిలో వచ్చే అమ్మవారి పొంగలి పండక్కి మొక్కు వేషాలు కుట్టివ్వడం అక్కడ మా పని.

మొక్కు వేషం అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఒంట్లో బాగులేకనో, ఇంకేదైనా ఆపద వచ్చో మొక్కుకున్నవాళ్ళు పంగుని నెలలో ఆ మొక్కు తీర్చడానికి వేషం కట్టి వీధుల్లో నడుస్తారు. కాళి, రాజు, పోలీసు, కోతి, ఎలుగుబంటి, ఎవరు ఏది మొక్కుకుంటే అది. కొందరు ఆ వేషంతోనే అగ్గిచట్టి ఎత్తుతారు. మట్టిచట్టిలో వేపకట్టెలు మండుతుంటాయి, అడుగున వేపాకు పరుచుకుని రెండు చేతులతో మోస్తారు. కాబట్టి మాకు కొన్ని కట్టుబాట్లుండేవి. మొక్కు గుడ్డ కొత్తది కావాలి. సూదిలోకి ఎక్కించే దారాన్ని నోట్లో తడపకూడదు, పంటితో కొరకకూడదు. ఎంగిలి అవుతుంది. అందుకని ప్రతి మిషను పక్కన చిన్న గిన్నెలో పసుపునీళ్ళు పెట్టేదాన్ని. అగ్గిచట్టి ఎత్తేవాళ్ళ వేషానికి నూలుగుడ్డ తప్ప మరొకటి వాడకూడదు. జిప్పు పెట్టకూడదు. ముందువైపు రెండు నాడాలతో ముడి. నిప్పు రవ్వ పడితే ఒక్క లాగుకి ఒంటి మీది గుడ్డ ఊడిరావాలి. ఈ చివరి రెండూ అమ్మవారు పెట్టినవి కావు, నేను పెట్టినవి.

మా అంగడిలో మూడు మెట్లు. కాజాలు వేసి బొత్తాలు కుట్టేవాళ్ళు కింద, మిషను మీద కూర్చునేవాళ్ళు మధ్య, కత్తెర పట్టే కటింగ్ మాస్టరు పైన. నేను మూడో తరగతితో బడి మాని, కాజాల దగ్గర మొదలుపెట్టి కత్తెర దాకా రావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. కటింగ్ మాస్టరు ఒప్పుకోనిదే గుడ్డ మీద సుద్దగీత పడకూడదు. అది మా అంగడి యజమాని శీనన్నే చెప్పిన మాట. చెప్పిన మాట మీద ఆయన ఎన్ని రోజులు నిలబడతాడన్నది వేరే సంగతి.

పందిరి వేసిన మూడో రోజు గురువయ్య వచ్చాడు. ఊరు తాయిల్పట్టి. మా తట్టు మనిషే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మొక్కు పట్టిన గుర్తుగా మణికట్టుకు పసుపుతాడు. నేను ఎవరి నడుమో కొలుస్తున్నాను. అతను నేరుగా శీనన్న దగ్గరికి పోయి మాట్లాడాడు, శీనన్న తల ఊపాడు, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, ఒక వేషం కుట్టాల. కాళీ కాదు, పోలీసూ కాదు. టీవీలో ఆదివారం వస్తాడే, కొండంత మనిషి, జపాన్ వాడు. ఆ వేషం.”

“ఎవుడప్పా వాడు? మన అమ్మవారికీ వానికీ ఏమి సంబందం?”

“అమ్మవారికి లేదక్కా. నా బిడ్డకి ఉండాది.”

సంగతి ఇది. ఎనిమిదేళ్ళ కూతురు రాజికి పచ్చకామెర్లు వచ్చి శివకాశిలో ఆసుపత్రిలో పెట్టారు. పిల్ల తినలేదు, లేవలేదు. పదో రోజు ఆదివారం పొద్దున వరండాలో రంగుల టీవీ పెడితే, ఆ జపాన్ మహాకాయుడు ఏదో రాక్షస జంతువుని ఎత్తి విసిరేస్తుంటే, పిల్ల తనంతట తాను లేచి కూర్చుంది. అది చూస్తూ ఒక ఇడ్లీ తింది. తండ్రి అక్కడికక్కడే మొక్కేశాడు, పిల్ల ఇంటికి వస్తే ఈ రూపంలోనే వచ్చి అగ్గిచట్టి ఎత్తుతానని.

నాకు విసుగొచ్చింది. మొక్కుకునేవాడు కుట్టేవాళ్ళ గురించి ఒక్క నిమిషమైనా ఆలోచించాలి. కానీ మొక్కిన రూపం మార్చకూడదు, మారిస్తే తీరినట్టు కాదని వాళ్ళ నమ్మకం. పైగా శీనన్న ఒప్పుకున్నాడు. నేను అడిగితే, “నీవు చెయ్యలేని పని ఉండాదా అక్కా” అని నవ్వాడు. నన్ను అడక్కుండా ఒప్పుకున్న ప్రతిసారీ ఆయన ఆ మాటే అనేవాడు.

చూడని మనిషికి గుడ్డ కొయ్యలేను కదా. అందుకని రెండు ఆదివారాలు పందిరి వెనక ఇంట్లో కూర్చుని ఆ సీరియల్ చూశాను. వాళ్ళది రంగుల్లేని టీవీ. అది ఏనాడో తీసిన పాత సీరియలట, తమిళంలో మాట్లాడుతున్నారు. ఒక మామూలు మనిషి చెయ్యి పైకెత్తితే కొండంతవాడవుతాడు. రొమ్ము మీద ఒక గుండ్రటి దీపం. మూడు నిమిషాలకు మించి ఆ రూపంలో ఉండలేడట, టైము అయిపోవస్తే దీపం రంగు మారుతుందట, ఆరుతూ వెలుగుతుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు అది చూసి కేకలు పెడుతుంటే నేను అతని కుట్లు వెతుకుతున్నాను. ఒక్క బొత్తాం లేదు, నాడా లేదు. మరి ఇందులోకి ఎట్లా దూరాడు? రెండో ఆదివారం అతను వెనక్కి తిరిగినప్పుడు పట్టుకున్నాను. వెన్ను మీద మెడ నుంచి నడుము దాకా జిప్పు, దాని మీద ఒక పట్టీ. మోకాళ్ళ దగ్గర గుడ్డ ముడతలు పడుతోంది. చంకలో వదులు చాలలేదు, చెయ్యి ఎత్తినప్పుడల్లా నడుము దగ్గర లాగుతోంది. అంత దూరం పంపించే పనికి చంకలో ఒక చదరపు ముక్క వెయ్యాలని ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఒక్క విషయంలో మాత్రం అక్కడి కుట్టుపనివాడి మీద గౌరవం కలిగింది. రెండో వారం వచ్చిన జంతువు మొదటి వారం చచ్చిన జంతువే. కొమ్ములు తీసేసి, మెడ చుట్టూ కుచ్చులు పెట్టి, తోక తిప్పి కుట్టారు. మిగతావాళ్ళెవరూ గమనించలేదు. గుడ్డ విలువ తెలిసిన మనిషి ఎవరో ఆ దేశంలోనూ ఉన్నాడనుకున్నాను.

రంగులు రాజిని అడిగి తెలుసుకున్నాను. ట్రయల్ రోజు తండ్రి తీసుకొచ్చాడు. బక్కపల్చటి పిల్ల, కళ్ళలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. ఎరుపు ఎక్కడెక్కడో వేలు పెట్టి చూపించింది. మిగతాదంతా వెండి అంది.

“తెలుపు చాలదా?” అన్నాను.

“తెలుపు వేస్తే కాంపౌండరు మాదిరి ఉంటాడు” అంది పిల్ల.

ట్రయల్ అంటే అసలు గుడ్డ కోసేముందు చవక గుడ్డతో ఒకసారి కుట్టి ఒంటి మీద వేసి చూడటం. షర్టుకూ రవికెకూ అక్కర్లేదు. మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా ఉండే ఇలాంటిదానికి తప్పదు. దానికోసం నేను హోటళ్ళ దగ్గర ఖాళీ మైదా సంచులు అడిగి తెచ్చి, ఉతికి, విప్పి దాచేదాన్ని. గట్టి నూలు. అచ్చు మాత్రం ఎన్నిసార్లు ఉతికినా పోదు. గురువయ్య ట్రయల్ కూడా ఆ సంచులతోనే కుట్టాను. వీపున రెండు నెమళ్ళ బొమ్మ, కూర్చునే చోట ‘తొంభై కిలోలు’ అన్న అక్షరాలు వచ్చాయి. ఎరుపు రావలసిన చోట నీలం సుద్దతో గీతలు గీశాను.

అప్పుడే అసలు పేచీ మొదలైంది. వెండి మెరవాలి, శాటిన్ గుడ్డతో కుట్టమన్నాడు. కుదరదన్నాను. శాటిన్‌కి నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఊడిరాదు.

“నీకు చెప్పాల్నా ఇది? నీవు యాడ పని చేస్తావు?”

“పటాకుల కంపెనీలో అక్కా. మందు కలిపే రూములో. పన్నెండేళ్ళు అయింది.”

“ఆ రూములోకి శాటిన్ చొక్కా వేసుకుని పోతావా?”

“అయ్యో, నూలుచొక్కా తప్ప లోపలికే విడవరు. ఒంటి మీద ఇనుము ఉండకూడదు, కాలికింద రబ్బరు పరుపు, వాకిట్లో నీళ్ళ డ్రమ్ము. ఫోర్‌మన్ రోజూ తడిమి చూస్తాడు.”

“సరి. నేనూ అంతే.”

అతను తల ఊపి ట్రయల్ విప్పి ఇచ్చాడు. అంత తేలిగ్గా తగ్గినందుకు అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. నేను సంతోషించాను. ఎర్ర పాప్లిన్, తెల్ల పాప్లిన్ కలిపి అయిదున్నర మీటర్లతో వేషం కుట్టి, చంకలో చదరపు ముక్కలు వేసి, రొమ్ము మీద నీలిగుడ్డతో గుండ్రటి దీపం అతికి, అగ్గిచట్టి రోజుకు నాలుగు రోజుల ముందు ఇచ్చేశాను. కాగితపు గుజ్జుతో చేసిన ముఖం వేరే మనిషి చేశాడు. నోట్లో వేపాకు పెట్టుకోవాలి, ఎదుట దారి కనపడాలి. అందుకని దాన్ని నుదుటి పైకి కిరీటంలా ఎత్తి కట్టుకోమన్నాను. దేనికీ ఎదురుచెప్పలేదు. చేతులెత్తి దండం పెట్టి తీసుకుపోయాడు.

అగ్గిచట్టి రోజు పొద్దున ఎత్తేవాళ్ళంతా తలస్నానం చేసి వేషం కట్టుకుని మా పందిరికి వస్తారు. ముడులు ఒకసారి నేను చూడాలి. ఒక్కొక్కరినీ నిలబెట్టి, నాడా లాగి చూసి, మళ్ళీ కట్టి పంపేదాన్ని. పది అడుగుల అవతల చట్లలో అప్పటికే నిప్పు రాజేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని గురువయ్య వచ్చాడు. జనం దారి ఇచ్చారు. నేను కుట్టిన గుడ్డలా లేదది. నేనిచ్చింది కాంపౌండరు తెలుపు. ఇది పొద్దుటి ఎండలో కొత్త సిల్వరు బిందెలా తళతళ మెరుస్తోంది.

ముందు కోపం వచ్చింది, నా పని మీద ఎవరో చెయ్యి వేశారని. నాడా ముడి పట్టుకోగానే వేళ్ళు జారాయి. చూస్తే బూడిదరంగు వెండి, మెత్తగా, నున్నగా, వేలిగీతల్లోకి దిగిపోయింది. మా చెల్లెలు పెళ్ళికి ముందు మూడేళ్ళు పటాకుల పనికి పోయింది. రోజూ సాయంత్రం ఇదే రంగు చేతులతో ఇంటికి వచ్చేది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన పోయేది కాదు. అల్యూమినియం పొడి. మతాబుల్లో, మేము పూలచట్లు అనే చిచ్చుబుడ్లలో తెల్లటి వెలుగు వచ్చేది దానివల్లే.

“ఏం చేస్తివప్పా నీవు?”

“ఏమీ లేదక్కా. మెరుపు కావాలని బిడ్డ అడిగింది కదా. గంజిలో కలిపి మూడు పూతలు పూస్తిని. శానా కొంచెమే.”

“చేతిలో నిప్పుచట్టి పెట్టుకునేవానివి, ఒంటికి దీన్నా పూసుకునేది?”

అతను చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. “నీకు తెలీదు అక్కా. ఇది ఒంటిగా ఏమీ చెయ్యదు. పెట్లుప్పు కలపాల, గట్టిగా కూరాల, అప్పుడే. పన్నెండేళ్ళుగా నేను దీంట్లోనే ఉన్నాను.”

అక్కడే నా ఓపిక అయిపోయింది. వాదించలేదు. అతని నాడా కొస బెత్తెడు కత్తిరించాను. కొసకు కూడా ఎక్కడా వదలకుండా పూశాడు మహానుభావుడు. పట్టకారుతో పట్టుకుని, జనానికి ఎడంగా పోయి, ఇస్త్రీ పెట్టెలోని బొగ్గు మీద పెట్టాను. నూలుగుడ్డ ఎర్రగా, నిదానంగా మండుతుంది. ఇది చుర్రుమని తెల్లగా లేచింది. రవ్వలు నా కటింగ్ బల్ల దాకా ఎగిరాయి. ఒక్క క్షణం నా కళ్ళకు ఏమీ కనపడలేదు.

వెనక్కి తిరిగేసరికి గురువయ్య నేలమీద చతికిలబడి ఉన్నాడు. అతని పెళ్ళాం తమిళంలో తిట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో తెలుగు, తిట్లు మాత్రం తమిళం.

“లేవప్పా” అని లేపి, రెండు నాడాలూ ఒకేసారి లాగాను. నేను పెట్టిన కట్టుబాటు పనిచేసింది. ఒక్క లాగుకి వేషమంతా కాళ్ళ దగ్గర కుప్పపడింది. అంత పెద్ద జపాన్ వాడు గళ్ళ నిక్కరుతో జనం మధ్య నిలబడ్డాడు. ఎవరో ఈల వేశారు.

“ఇట్ల చేస్తివే అక్కా. చట్టి ఎత్తకపోతే నా మొక్కు ఏమి కావాల? అమ్మ ఇచ్చిన బిడ్డను మళ్ళీ అడిగితే నేను ఏమి చెప్పేది?” ఆ భయం ఉత్తది అని నేను అనలేను. పిల్ల పక్కనే నిలబడి వింటోంది. అతని చట్టి వంతు పిలవడానికి మహా అయితే పావుగంట ఉంది.

బల్ల కింది మూట విప్పి ట్రయల్ తీశాను. మైదా సంచుల మహాకాయుడు. కొత్త గుడ్డ కాదు, నిజమే. కానీ ఉతికిన గుడ్డ, నూలుగుడ్డ, ఇంతవరకు అతను తప్ప మరొకరు తొడగనిది. పసుపునీళ్ళు చల్లి తొడిగాను. సుద్దగీతల మధ్య ఎరుపు రావాలి. పందిట్లో ఎర్రగుడ్డ ముక్కలున్నాయి గాని అతకడానికి వ్యవధి లేదు. అమ్మవారికని పెట్టిన కుంకుమ గిన్నెలో నీళ్ళు పోసి, నేనూ అతని పెళ్ళామూ చెరోవైపు చేతులతోనే పూశాం. నాడాలు కట్టాను, లాగి చూసి మళ్ళీ కట్టాను.

రాజి తండ్రి చుట్టూ ఒకసారి తిరిగింది. తొంభై కిలోలు చదివింది. ముందుకొచ్చి నిలబడి, “నాయనా, నీ లైటు ఏది?” అంది.

ట్రయల్ మీద దీపం లేదు. సుద్ద సున్నా మాత్రమే ఉంది. నేను మణికట్టుకు కట్టుకునే సూదుల దిండు విప్పాను. గుండ్రటిది, ఎర్ర మఖమలుది, పదేళ్ళుగా నాతో ఉన్నది. గుండుసూదులన్నీ పీకేసి నాలుగు టాకాలతో రొమ్ము మీద కుట్టాను.

“ఇది ఎర్రగా ఉండాది. నీలం ఉండాల. ఎర్రగా ఉంటే టైము అయిపోయిందని అర్తం” అంది పిల్ల.

“ఉండేది ఎర్రదే. మీ నాయన్ని బిరబిర నడవమను” అన్నాను.

అతను నడిచాడు. చట్టి ఎత్తి, వేపాకు నోట్లో పెట్టుకుని, వీధి పొడుగునా ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు కుమ్మరిస్తుంటే గుడి దాకా పోయి మొక్కు తీర్చాడు. దారిలో రెండుసార్లు రవ్వలు మోకాలి మీద పడ్డాయట. గుడ్డ తడిగా ఉంది, రెండు చిన్న నల్లచుక్కలు మిగిలాయి. తిరిగి వచ్చేసరికి కుంకుమ కారి, పసుపు కలిసి, అతను ఏ వేషమో ఎవరూ చెప్పలేని స్థితిలో ఉన్నాడు. పిల్ల మాత్రం తండ్రి వేలు పట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఎవరో చెబుతూ వచ్చింది.

వెండి వేషాన్ని నేను ముట్టుకోలేదు. అలాంటి పొడి అంటిన గుడ్డను ఏం చెయ్యాలో వాళ్ళ కంపెనీలో పద్ధతి ఉంటుంది, ఫోర్‌మన్‌కి చూపించి వాళ్ళ గుంటలోనే పారేయించమన్నాను. తల వంచుకుని తీసుకుపోయాడు. అయిదున్నర మీటర్ల కొత్త పాప్లిన్. కాలరు పట్టీ అయినా మిగుల్చుకోవడానికి లేకుండా చేశాడు.

శీనన్న మధ్యాహ్నం వచ్చి అందరి ముందూ అరిచాడు. మన అంగడి పేరు మీద మనిషిని మైదా సంచుల్లో ఊరేగిస్తావా, రేపు ఎవడన్నా వేషం కుట్టమని వస్తాడా అని. జరిగింది చెప్పి, పట్టకారులో మిగిలిన నాడా ముక్క చూపించాను. కాసేపు చూసి, దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు నాకు కొత్త సూదుల దిండు పంపించాడు. మరుసటి ఏడు పంగునికి ఇద్దరు వచ్చి జపాన్ వేషం కావాలి, మైదా సంచితోనే కావాలి, నెమళ్ళ గుర్తు వీపు మీదే రావాలి అన్నారు. జనాన్ని గురించి నేను ఇంకేమీ చెప్పను.

ఆ తర్వాత పదమూడేళ్ళు కత్తెర పట్టాను. ఆ పంగునిలో నాకు తెలిసింది ఇంతే. రోజూ ప్రమాదం పక్కన పనిచేసేవాడు జాగ్రత్తలన్నీ పనిచేసే చోటే వదిలి ఇంటికి వస్తాడు. గేటు లోపల నూలుచొక్కా, నీళ్ళడ్రమ్ము, రబ్బరు పరుపు, అన్నీ గుర్తుంటాయి. గేటు బయట ఆ పొడే అతనికి రంగు అయిపోతుంది. అది అతని తెలివితక్కువతనం కాదు, అలవాటు. నా తప్పు కూడా ఉంది. ఏం పని చేస్తాడో అడిగాను, వాదన గెలవడానికి అడిగాను. ఆ పని నుంచి అతని చేతికి ఏం దొరుకుతుందో అడగలేదు.

కోవిల్‌పట్టికి తిరిగి రాగానే కొలతల నోటుపుస్తకంలో ఛాతీ గడికి పైన ఇంకొక గడి గీశాను, ‘చేసే పని’ అని. సున్నం కొట్టేవాడు, పెట్రోలు బంకువాడు, వెల్డింగువాడు, అగ్గిపెట్టెల మందు ముంచేవాడు, ఎవరైనా ముందు అది చెప్పాలి, ఆ తర్వాతే టేపు. కొలతలకు ఇది ఎందుకని కొత్తగా చేరిన మాస్టర్లు అడిగేవాళ్ళు. ముందు నింపు, తర్వాత చెబుతాను అనేదాన్ని.